షాంపూ కోసం కుందేలు కంట్లో రసాయనం వేయాల్సిన అవసరం ఇంకా ఉందా?

లేదు. 1944 నాటి డ్రైజ్ పరీక్షలో రసాయనాన్ని కుందేలు కంట్లో వేసి, ఎంత ఎర్రబడింది, ఎంత వాచింది, పుండు పడిందా అని రోజుల తరబడి చూసేవారు. ఆ మూగజీవి పడిన బాధ ఒక ఎత్తు, ఫలితం ఇంకో ఎత్తు. కుందేలుకు మూడో రెప్ప ఉంటుంది, కన్నీళ్లు మనకంటే తక్కువ ఊరుతాయి, అందుకే దాని కన్ను అచ్చం మన కన్నులా స్పందించదు. పైగా ఒకే రసాయనానికి ఒక్కో ల్యాబ్ ఒక్కో మార్కు వేసేది. ఇంత హింస పెట్టి తెలుసుకున్నది ఇంత తక్కువా అని నాకు చాలా బాధేస్తుంది.

ఇప్పుడు మనిషి కణాలతో ల్యాబ్‌లో కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) లాంటి పలుచని పొర పెంచుతారు. దాని మీద రసాయనం వేసి, ఎన్ని కణాలు బతికాయో కొలుస్తారు. మన దేశం 2014లోనే సౌందర్య సాధనాల కోసం జంతువులపై పరీక్షలను, అలా పరీక్షించిన సరుకు దిగుమతిని నిషేధించింది.

మందుల సంగతి అంత తేలిక కాదు. లివర్, గుండె, కిడ్నీలు కలిసి ఎలా స్పందిస్తాయో ఒక్క ఆర్గాన్ చిప్ (మనిషి కణాలతో ఒక అవయవం పనితీరును అనుకరించే చిన్న పరికరం) పూర్తిగా చెప్పలేకపోతోంది. అయినా 2023లో కొత్త మందుల నిబంధనలు సవరించి, మానవ కణాల నమూనాలు, ఆర్గాన్ చిప్‌లు, కంప్యూటర్ నమూనాలకు కూడా చోటిచ్చారు. ఆ దారి ఉన్నచోట కూడా అలవాటుకొద్దీ జంతువుని వాడటం మాత్రం నా దృష్టిలో తప్పే.