గోరు మూల మాంసంలోకి దిగితే: మేనల్లుడికి ఒక లేఖ

విజయనగరం

చిరంజీవి రాంబాబుకు మేనత్త ఆశీస్సులు.

నీ కుడికాలి బొటనవేలు వాచిందని, బూటులో కాలు పెట్టడమే కష్టమవుతోందని, అయినా తెల్లవారుజామున ఆర్ట్స్ కాలేజీ మైదానానికి వెళ్లడం మానలేదని మీ అమ్మ ఫోనులో చెప్పింది. కానిస్టేబులు ఎంపికల్లో 1,600 మీటర్ల పరుగు నెగ్గాలన్న నీ ఆరాటం నాకు తెలియనిది కాదు. సర్జికల్ వార్డులోనూ డ్రెస్సింగ్ గదిలోనూ ఉద్యోగమంతా గడిపిన నేను ఇదే బాధతో కుంటుతూ వచ్చిన నీ ఈడు కుర్రవాళ్లను ఎందరినో చూశాను కనుక, ఫోనులో రెండు మాటలతో సరిపెట్టడానికి మనసొప్పక వివరంగా రాస్తున్నాను.

మీ అమ్మ దీన్ని గోరుచుట్టు అనుకుని నిమ్మకాయ తొడగమన్నదట. గోరుచుట్టు అంటే గోరు చుట్టూ ఉన్న చర్మానికి చీము పట్టడం. నీ వేలికి కూడా రేపో మాపో చీము పట్టవచ్చు గానీ, అసలు కారణం అది కాదు. గోరు పక్క అంచు తన దారిన ముందుకు పెరగకుండా పక్కనున్న మెత్తని మాంసంలోకి గుచ్చుకుంటోంది. విరిగి లోపల ఉండిపోయిన ముల్లు చుట్టూ ఒళ్లు ఎలా ఎర్రబడి వాచి సలుపుతుందో, ఆ అంచు చుట్టూ కూడా అలాగే అవుతుంది. వాచిన మాంసం గోరు మీదికి మరింత ఒరుగుతుంది, ఒరిగిన కొద్దీ గోరు మరింత లోతుగా దిగుతుంది. అందుకే ఆ అంచు బయటికి రానంతవరకు పైన ఎంత ఆయింట్‌మెంట్ రాసినా, ఎన్ని మాత్రలు మింగినా బాధ కొన్నాళ్లు తగ్గినట్లే తగ్గి తిరగబెడుతుంది.

ఇది నీకెందుకు వచ్చిందో ఊహించడం కష్టం కాదు. గోళ్లను మరీ లోతుగా, మూలలు గుండ్రంగా వచ్చేటట్లు కత్తిరించే అలవాటు మన ఇళ్లలో అందరికీ ఉంది. చేతి గోళ్లకు అది చెల్లుతుంది గానీ కాలి బొటనవేలికి చెల్లదు. మూల కత్తిరించినప్పుడు కట్టరుకు అందని చోట ఒక సన్నని మొన మిగిలిపోతుంది, అదే పెరుగుతూ మాంసంలోకి దిగుతుంది. దానికి తోడు ఇరుకు బూటు, చెమటకు నానిన సాక్సు, పరుగులో ప్రతి అడుగుకూ వేలు బూటు ముందుభాగాన్ని తాకడం నీ విషయంలో కలిసి వచ్చాయి. కొందరికి పుట్టుకతోనే గోరు ఎక్కువ వంపుగా ఉంటుంది. మరొక సంగతి, మొటిమల కోసం ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్నవారికి కూడా గోరు పక్కన ఇలా మాంసం పెరగవచ్చు. నువ్వు అలాంటివి వాడుతుంటే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పు.

ఇప్పుడు నీ వేలిని వెలుతురులో పెట్టి చూడు. ఎరుపు, వాపు, నొక్కితే నొప్పి మాత్రమే ఉంటే ఇంటి దగ్గరే ప్రయత్నించవచ్చు. చీము గానీ నీరు గానీ కారుతుంటే డాక్టరుకు చూపించాలి. గోరు పక్కన తాకగానే రక్తం కారే ఎర్రని మెత్తని కండ పెరిగి ఉంటే, ఇంటి వైద్యంతో రోజులు గడపడంలో అర్థం లేదు.

మొదటి దశలోనే ఉన్నావనుకుంటే, రోజుకు మూడు పూటలు పదిహేను నిమిషాల చొప్పున గోరువెచ్చని నీటిలో పాదం నానబెట్టి, వేళ్ల సందులతో సహా పొడిగా తుడుచుకో. నానడం వల్ల గోరు మెత్తబడుతుంది. ఆ మెత్తదనం ఉన్నప్పుడే శుభ్రమైన దూదిని వత్తిలా సన్నగా నులిమి, గోరు మూల కింద కొద్దిగా దూర్చి, అంచు మాంసాన్ని తాకకుండా పైకి ఎత్తి ఉంచాలి. ఆ దూదిని ప్రతిరోజూ మార్చాలి, ఎందుకంటే తడిసిన దూది అక్కడే ఉండిపోతే అదే చీముకు కారణమవుతుంది. దీనితో పాటు, అంటుకునే ప్లాస్టరును గోరు పక్కనున్న వాపు చర్మం మీద అతికించి, చర్మాన్ని గోరు నుంచి దూరంగా, కిందికి లాగి వేలి చుట్టూ ఏటవాలుగా తిప్పితే ఒత్తిడి చాలా తగ్గుతుంది. ప్లాస్టరు మరీ బిగిస్తే వేలికి రక్తం ఆడదు కనుక వేలి చివర రంగు మారకుండా చూసుకో. కొద్ది రోజుల్లో తగ్గుముఖం పట్టకపోతే ఆసుపత్రికి వెళ్లు.

తగ్గుతున్నా ఓపిక అవసరం. కాలి గోరు నెలకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుంది. మూల మాంసాన్ని దాటి బయటికి రావడానికి నెలలు పడుతుంది. చాలామంది చెడగొట్టుకునేది ఇక్కడే. నొప్పి తగ్గగానే, మళ్లీ గుచ్చుకుంటుందేమోనన్న భయంతో ఆ మూలను పిన్నుతోనో బ్లేడుతోనో తవ్వి తీసేస్తారు. ఆ రోజుకు హాయిగానే ఉంటుంది, కానీ లోపల కొత్త మొన మిగిలి, కొన్ని వారాలకు మొదటికే వస్తుంది. గోరు మధ్యలో గాటు పెడితే అంచులు దగ్గరికి వస్తాయని చెప్పేవారి మాట కూడా వినకు. గోరు మొదలు నుంచి ముందుకు పెరుగుతుంది, మధ్యలో గాటు పెట్టినందువల్ల అంచుల దారి మారదు.

చీము, కండ ఉన్న దశలో చేసే చిన్న శస్త్రచికిత్స గురించి భయపడనక్కరలేదు. శ్రీకాకుళంలో మనం రిమ్స్ అని పిలిచే సర్వజన ఆసుపత్రి సర్జరీ ఓపీలో చూపించుకోవచ్చు. వేలి మొదట్లో రెండు పక్కలా లిగ్నోకైన్ ఇంజెక్షన్ ఇస్తారు. అది ఎక్కేటప్పుడు కొన్ని క్షణాలు బాగా మండుతుంది, ఆ తరువాత నొక్కుతున్నట్లు తెలుస్తుంది గానీ నొప్పి తెలియదు. మాంసంలోకి దిగిన వైపు గోరును నిలువుగా సన్నని ముక్కగా మొదలు వరకు కోసి తీస్తారు. ఆ ముక్క పుట్టే చోట ఫినాల్ అనే మందును దూదితో కొద్దిసేపు అద్దితే అక్కడ గోరు మళ్లీ మొలవదు. మిగిలిన గోరు కొంచెం సన్నబడి మామూలుగానే ఉంటుంది. ఫినాల్ పెట్టిన తరువాత రెండు మూడు వారాలు నీరు ఊరడం సహజం, దాన్ని చూసి కంగారు పడి ఇంకేదీ రాయవద్దు. గోరు మొత్తం పీకేయించుకోవడమే మేలని ఎవరైనా అంటే, వేరును అలాగే వదిలి పీకిన గోరు తిరిగి పెరిగేటప్పుడు మళ్లీ లోపలికి దిగే అవకాశం ఎక్కువని, బొటనవేలి గోరు పూర్తిగా రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుందని గుర్తుంచుకో. ఎంపికల తేదీ దగ్గర పడిన తరువాత కాకుండా ఇప్పుడే చేయించుకుంటే, పుండు ఆరి డాక్టరు సరేనన్నాక నిబ్బరంగా సాధన చేసుకోవచ్చు. అప్పటివరకు పరుగు ఆపి, చేతులకూ నడుముకూ సంబంధించిన వ్యాయామాలు చేసుకో.

ఎరుపు వేలిని దాటి పాదం మీదికి పాకినా, చలిజ్వరం వచ్చినా, గజ్జల్లో బిళ్ల కట్టినా ఆ రోజే వెళ్లాలి, మరునాటికి వాయిదా వేయకూడదు.

బూట్ల సంగతి కూడా చెప్పాలి. సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, నువ్వు పరుగుకు వేసుకునే సాక్సుతోనే వేసి చూసి కొను. నిలబడినప్పుడు అన్నిటికంటే పొడవైన వేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. గోళ్లను స్నానం తరువాత, తిన్నగా అడ్డంగా, తెల్లని అంచు కాస్త మిగిలేటట్లు కత్తిరించి, మూలలు గరుకుగా ఉంటే ఆకురాయితో పైపైన అరగదీయి.

మీ నాన్న విషయం ప్రత్యేకంగా రాస్తున్నాను. ఆయనకు షుగరు ఉంది కాబట్టి నీకు చెప్పిన దూది, ప్లాస్టరు, వేడినీళ్లు ఏవీ ఆయన కాలికి ప్రయోగించవద్దు. స్పర్శ తగ్గిన కాలికి నీటి వేడి తెలియక బొబ్బలెక్కుతాయి, రక్తప్రసరణ తగ్గిన వేలికి చిన్న గాయం కూడా మానక ఎముక దాకా చీము పట్టే ప్రమాదం ఉంది. ఉడుపుల రోజుల్లో ఆయన చెప్పులు లేకుండా మడిలో దిగి వచ్చిన తరువాత, కాళ్లు కడిగించి, వేళ్ల సందులూ గోళ్ల మూలలూ దీపం వెలుగులో నువ్వే చూడు. ఎక్కడ ఎరుపు కనిపించినా నొప్పి లేదన్న ఆయన మాట నమ్మకుండా డాక్టరు దగ్గరికి తీసుకుపో.

ఓపీకి వెళ్లేటప్పుడు వదులు చెప్పులతో వెళ్లు. మందు పడని గుణం ఏదైనా ఉంటే ముందే చెప్పు. కట్టు కట్టిన కాలితో బండి నడుపుకుంటూ తిరిగి రావద్దు, మీ అన్నను తోడు తీసుకువెళ్లు. డాక్టరు ఏమన్నారో ఆ సాయంత్రమే నాకు ఫోను చేసి చెప్పు.

ఆశీస్సులతో,
మీ అత్త