పాలు మానిన పంది పిల్లలకు సోయా పెట్టేటప్పుడు

చిరంజీవి తమ్ముడికి, ఆశీస్సులు.

తల్లి నుంచి విడదీసిన మూడో రోజుకే పిల్లలు పారుతున్నాయని, మాంసకృత్తులు 22 శాతం ఉన్న దాణా పెట్టినా ఎదగడం లేదని రాశావు. ఆ 22 శాతమే నీ కొంప ముంచుతోంది. నాలుగు వారాల పిల్లకు అవన్నీ అరగవు. అప్పటిదాకా పాలకే అలవాటుపడ్డ పొట్టలో ఆమ్లం చాలినంత ఊరదు. పాలు మానిన నాలుగైదు రోజుల్లో చిన్నపేగు లోపల నూగులా ఉండే పొర కూడా కురచబడుతుంది. అరగని మాంసకృత్తులు పెద్దపేగులోకి జారి కుళ్లి, ఇ.కోలై లాంటి క్రిములకు మేతవుతాయి. ముందు 18 శాతానికి దించు. మాంసకృత్తులు తయారయ్యే ముక్కలైన అమైనో ఆమ్లాల్లో లైసిన్, మెథియోనిన్, త్రియోనిన్, ట్రిప్టోఫాన్ విడిగా కలిపితే ఎదుగుదల తగ్గదు.

సోయా చెక్కను మానేయమనడం లేదు. మొక్కల దాణాల్లో అంత మంచి లైసిన్ దొరికేది అరుదు. అయితే పచ్చి సోయాలో అరుగుదలను అడ్డుకునే పదార్థాలు ఉంటాయి. మాంసకృత్తులను అరిగించే ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌ను ఆపేవి సరైన వేడికి చాలావరకు పోతాయి. గ్లైసినిన్, బీటా కాంగ్లైసినిన్ అనే మాంసకృత్తులు మొండివి, లేత పేగుకు పడవు. రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు వేడికి అసలు లొంగవు. పేగులో పులిసి గ్యాసు, పారుడు తెస్తాయి.

మొదట్లో నేను సోయా గింజలు పెనం మీద వేయించి, మరపట్టించి పెట్టాను. పైకి ఎర్రబడ్డాయి, లోపల పచ్చిగానే ఉండిపోయాయి. ఒక ఈతలో నాలుగు పిల్లలు పోయాయి. ఆ పిండి చిటికెడు నాలుక మీద వేసుకుంటే పచ్చి చిక్కుడు గింజ చేదు. ఈనాటికీ ఆ రుచి మర్చిపోలేదు. బస్తా విప్పగానే వాసన చూడు, నాలుక మీద వేసుకో. లేత బంగారు రంగు ఉండాలి. ముదురు గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన వస్తే అందులో లైసిన్ దెబ్బతిన్నట్టే, అదీ వద్దు.

మొండి పదార్థాలకు పులియబెట్టడమే మందు. 10 కిలోల చెక్క పొడికి 6 లీటర్ల శుభ్రమైన నీళ్లు, దాణా కోసం అమ్మే లాక్టోబాసిల్లస్ (పెరుగును పులియబెట్టే లాంటి మంచి క్రిమి) పొడి కలుపు. గుప్పిట పడితే ముద్ద కట్టాలి, వేళ్ల మధ్య నీరు కారకూడదు. మూత గట్టిగా పడే డబ్బాలో గాలి లేకుండా అదిమి, వెచ్చని చోట రెండు మూడు రోజులు ఉంచు. శుభ్రమైన పులుపు వాసన వస్తే కుదిరినట్టు. కుళ్లు కంపు కొట్టినా, ఎక్కడైనా ఆకుపచ్చ, నల్ల బూజు కనిపించినా మొత్తం పారెయ్యి, పైపొర తీసి మిగతాది వాడొద్దు. విప్పింది ఆ రోజే అయిపోవాలి. చెక్క మొత్తానికి బదులు కాదు, కొంత భాగానికి బదులుగా మొదలుపెట్టు.

వేరుశనగ చెక్కలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం భయం ఉంటుంది, ఈ వయసులో దాని జోలికి పోకు. సున్నపురాయి పొడి ఎక్కువ వెయ్యకు, ఉన్న కాస్త ఆమ్లాన్నీ విరిచేస్తుంది. ఫైటేజ్ ఎంజైమ్ మాత్రం తప్పక కలుపు, గింజల్లో ఫైటేట్ అనే పదార్థం పట్టి ఉంచిన భాస్వరం పిల్లకు అందుతుంది. పారుడు ఆపడానికి జింక్ ఆక్సైడ్‌ను ఎక్కువ మోతాదులో కుమ్మరించే పద్ధతి నాకు నచ్చదు. యూరోపియన్ యూనియన్ 2022 జూన్‌తో దాన్ని ఆపేసింది కూడా.

అన్నిటికన్నా, పాలు తాగుతున్నప్పుడే పదో రోజు నుంచి ఇదే దాణాను గుప్పెడు గుప్పెడు రుచి చూపించు. విడదీశాక రోజుకు ఐదారుసార్లు కొంచెం కొంచెం పెట్టి, మిగిలిన తడి దాణా తొట్టిలోంచి తీసెయ్యి. ఈసారి పులియబెట్టిన డబ్బా విప్పే రోజు కబురు పెట్టు, నేనొచ్చి వాసన చూస్తాను.

ఇట్లు,
మీ అన్నయ్య