సోలార్ పెట్టించాక 40 మీటర్ల బ్యాండ్‌లో ఎస్7 నాయిస్: ఫెరైట్ క్లిప్పులు పెట్టినా తగ్గలేదు, ఏం చేయాలి?

పైకప్పు మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించినప్పటి నుంచి పగలంతా హామ్ రేడియో 40 మీటర్ల బ్యాండ్‌లో (7 మెగాహెర్ట్జ్ దగ్గర), సిగ్నల్ బలం చూపే ఎస్-మీటర్ మీద ఎస్7 నాయిస్ ఉంటోందని, పొద్దుగూకగానే పోతోందని, ఇన్వర్టర్ దగ్గర వైర్లకి రెండు క్లిప్-ఆన్ ఫెరైట్లు (వైరు చుట్టూ మూసి నాయిస్‌ని అడ్డుకునే అయస్కాంత పదార్థపు ముక్కలు) తగిలించినా మీటర్ సూది కదల్లేదని అడిగారు. నేనూ ఇదే బాధ పడ్డాను. ఇప్పుడు ఎండ మండిపోతున్నప్పుడు కూడా నా రిగ్‌లో (రేడియో సెట్‌లో) ఎస్3 దాటదు. అంటే ఒక్కో ఎస్ మెట్టుకి 6 చొప్పున సుమారు 24 డెసిబెల్స్ తగ్గింది. ఎలా తగ్గిందో, మీ క్లిప్పులు ఎందుకు పని చేయలేదో కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు నాయిస్ ఎవరిదో తేల్చుకోండి. 40 మీటర్లలో మామూలుగా చీకటి పడ్డాక వాతావరణ నాయిస్ పెరుగుతుంది. మీకు తగ్గుతోందంటే అనుమానం సోలార్ మీదికే పోవాలి. కానీ అది మీ సోలారా, పక్కింటి వాళ్లదా? రిగ్‌ని బ్యాటరీ మీద నడుపుతూ, మాన్యువల్‌లో చెప్పిన వరసలో ఇన్వర్టర్‌ని ఆపి చూడండి. నాయిస్ ఠక్కున ఆగితే మీదే. ఆగకపోతే ఇంటి మెయిన్ కూడా ఆపి చూడండి. అయినా ఉందంటే బయట వెతకాలి. నా విషయంలో ఎస్‌డీఆర్ (కంప్యూటర్‌తో నడిచే రిసీవర్) వాటర్‌ఫాల్, అంటే బ్యాండ్‌లోని సిగ్నళ్లన్నీ గీతలుగా కనిపించే బొమ్మ చూడగానే సందేహం తీరిపోయింది. బ్యాండ్ పొడవునా సమాన దూరాల్లో మసక గీతలు కనిపించాయి. సూర్యుడికి మేఘం అడ్డం వచ్చినప్పుడల్లా అవి మెల్లగా పక్కకి జరిగేవి, మేఘం తొలగగానే తిరిగొచ్చేవి. గీతకీ గీతకీ మధ్య దూరం కొలిస్తే అదే స్విచింగ్ ఫ్రీక్వెన్సీ అనుకోవచ్చు. ఇన్వర్టర్ 20 కిలోహెర్ట్జ్ దగ్గర స్విచ్ అవుతోందనుకోండి, 7 మెగాహెర్ట్జ్ దగ్గర మీరు వింటున్నది దాని 350వ హార్మోనిక్, అంటే 350 రెట్ల ఫ్రీక్వెన్సీ. అంత దూరం వచ్చినా బలం మిగులుతుందా అంటే, మిగులుతుంది. స్విచ్ చేసే ట్రాన్సిస్టర్ల అంచులు అంత పదునుగా ఉంటాయి మరి.

చాలామంది ప్యానెళ్లని తిడతారు. ప్యానెల్ పాపం డీసీ ఇచ్చే డయోడే, దానిలో చప్పుడు చేసేదేమీ లేదు. చప్పుడు చేసేవి ఇన్వర్టర్, ప్యానెల్ నుంచి గరిష్ఠ పవర్ లాగే ఎంపీపీటీ ఛార్జ్ కంట్రోలర్, ఒక్కో ప్యానెల్ పవర్‌ని విడిగా సర్దడానికి దాని కింద బిగించే ఆప్టిమైజర్లు, మైక్రో ఇన్వర్టర్లు. అవి కూడా తమంతట తాముగా ఎక్కువగా ప్రసారం చేయవు. ఆ పని వాటికి తగిలించిన వైర్లు చేస్తాయి. పైకప్పు నుంచి ఇన్వర్టర్ దాకా 10 మీటర్ల వైరు దిగిందంటే 40 మీటర్ల బ్యాండ్‌కి దాదాపు క్వార్టర్ వేవ్ యాంటెనా కట్టిచ్చినట్టే. మనం ఎంతో కష్టపడి కట్టే నిలువు యాంటెనాని ఎలక్ట్రీషియన్ గంటలో కట్టేసి వెళ్తాడు.

ఆ వైర్ల మీద నాయిస్ రెండు రకాలుగా నడుస్తుంది. ప్లస్‌లో వెళ్లి మైనస్‌లో తిరిగొచ్చేది ఒకటి. రెండు వైర్లూ పక్కపక్కనే ఉంటే దీని ప్రసారం చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ప్లస్ ఒక గోడ మీదుగా, మైనస్ ఇంకో గోడ మీదుగా దిగితే మాత్రం మధ్యలో పెద్ద లూప్ తయారవుతుంది. రెండోది కామన్ మోడ్: రెండు వైర్లలోనూ ఒకే దిశలో వెళ్లి, ఎర్త్ ద్వారానో ఏసీ లైన్ ద్వారానో తిరిగొస్తుంది. మన బ్యాండ్‌లని పాడుచేసేది ఎక్కువగా ఇదే.

ఏది ఎంత ఉందో కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. మీ దగ్గరున్న క్లిప్-ఆన్ ఫెరైట్‌నే ప్రోబ్‌గా మార్చుకోవచ్చు. దాని మీద సన్నటి ఇన్సులేటెడ్ వైరు నాలుగైదు చుట్లు చుట్టి, రెండు కొసల్నీ కోయాక్స్‌కి కలిపి రిసీవర్‌కి పెట్టండి. ఆ రిసీవర్‌తో ప్రసారం చేయకుండా చూసుకోండి, అంతే. ఇప్పుడు క్లిప్‌ని ప్లస్, మైనస్ రెండింటి చుట్టూ కలిపి మూయండి. మొదటి రకం కరెంట్ రద్దయి, కామన్ మోడ్ ఒక్కటే మీటర్ మీద కనిపిస్తుంది. తర్వాత ఏసీ కేబుల్ చుట్టూ, ఎర్త్ వైరు చుట్టూ, డేటా కేబుల్ ఉంటే దాని చుట్టూ కూడా మూసి, ఒకే ఫ్రీక్వెన్సీలో, ఒకే గెయిన్‌లో రీడింగులు రాసుకోండి. ఇన్సులేషన్ మీదే పెట్టాలి, ఏ టెర్మినల్‌నీ ముట్టుకోకూడదు.

నా దగ్గర ఇలా కొలిస్తే ఏసీ కేబుల్ మీద, ఎర్త్ మీద కరెంట్ దాదాపు డీసీ వైర్ల మీద ఉన్నంతా ఉంది. అందరూ పైకప్పు వైర్ల గురించే చెబుతారు కాబట్టి ఏసీ వైపు ఇంత ఉంటుందని నేను ఊహించలేదు. ఆలోచిస్తే అందులో వింతేమీ లేదు. పైకప్పు వైరు యాంటెనాలో ఒక చెయ్యి అయితే, ఇంటి వైరింగ్, ఎర్త్ కలిసి రెండో చెయ్యి. ఒక చేతి మీదే చోక్ (ఫెరైట్ మీద వైరు చుట్టి చేసే అడ్డు) పెడితే కరెంట్ మిగతా దారులు వెతుక్కుంటుంది. నాలుగు చిల్లులున్న కుండలో ఒక్క చిల్లుకి లక్క పెట్టినట్టన్న మాట.

ఇక మీ క్లిప్పుల సంగతి. మామూలు సైజు క్లిప్-ఆన్‌లోంచి వైరు ఒక్కసారి దూరితే 7 మెగాహెర్ట్జ్ దగ్గర కొన్ని పదుల ఓమ్‌ల అడ్డు మాత్రమే వస్తుంది. మనకి కావలసింది వేల ఓమ్‌లు. ఇంపెడెన్స్ చుట్ల సంఖ్య వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అందుకే పెద్ద రింగు తీసుకుని చుట్లు వేయాలి. 31 మిక్స్ అనే ఫెరైట్ రకంలో 2.4 అంగుళాల కోర్ (రింగు), అంటే ఎఫ్‌టీ240-31, హెచ్‌ఎఫ్‌కి (3 నుంచి 30 మెగాహెర్ట్జ్) బాగా సరిపోతుంది. 43 మిక్స్ పై బ్యాండ్‌లలో బాగుంటుంది గానీ 80, 40 మీటర్లలో 31 ముందు తేలిపోతుంది. రంగు చూసి, సైజు చూసి ఏ రింగు పడితే ఆ రింగు కొనకండి. పాత కంప్యూటర్ పవర్ సప్లైల్లో దొరికే పసుపు రింగులు ఐరన్ పౌడర్‌వి, ఈ పనికి దండగ.

ఆ కోర్ లోపలి రంధ్రం సుమారు 35 మిల్లీమీటర్లు. మందపాటి సోలార్ వైర్లని జంటగా చుడితే ఆరేడు చుట్లకి మించి పట్టడం కష్టం. అప్పుడు కోర్‌లు రెండు పేర్చండి. కోర్‌ల సంఖ్యతో ఇంపెడెన్స్ మామూలు నిష్పత్తిలోనే పెరుగుతుంది కాబట్టి రెండు కోర్‌ల మీద ఏడు చుట్లు (7 × 7 × 2 = 98) ఒక కోర్ మీద పది చుట్లకి (10 × 10 = 100) దాదాపు సమానం. చుట్లు మరీ ఎక్కువైనా చిక్కే. చుట్ల మధ్య కెపాసిటెన్స్ పెరిగి చోక్ రెసొనెన్స్ కిందికి జారుతుంది, పై బ్యాండ్‌లలో పని చేయడం మానేస్తుంది. 40 మీటర్లకి పది చుట్ల బలం బాగుంటుంది, 10 మీటర్లు మీకు ముఖ్యమైతే అందులో సగం చుట్లతో ఇంకో చోక్‌ని వరసలో పెట్టండి.

ప్లస్, మైనస్ రెండూ కలిపే ఒకే కోర్ మీద చుట్టాలి, ఇది మరిచిపోవద్దు. అప్పుడు డీసీ వల్ల పుట్టే ఫ్లక్స్ రద్దయి ఫెరైట్ సంతృప్తం కాదు, అంటే అయస్కాంతంగా నిండిపోయి పని మానేయదు. ఒక్క ప్లస్ వైరునే చుట్టారనుకోండి, 8 ఆంపియర్లు, ఏడు చుట్లు అంటే 56 ఆంపియర్-టర్న్స్. ఫెరైట్ అక్కడే చేతులెత్తేస్తుంది. రెండు స్ట్రింగులుంటే (వరసగా కలిపిన ప్యానెళ్ల గుంపులు) ఏ జంటకి ఆ జంట విడిగా. ఏసీ వైపు ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ మూడూ కలిపి చుట్టించండి. ఎర్త్ వైరు సైజు తగ్గించడం, మధ్యలో తెంపడం లాంటివి నాయిస్ కోసం ఎవరు చెప్పినా చేయొద్దు. చోక్‌లన్నీ ఇన్వర్టర్‌కి జానెడు దూరంలోపే ఉండాలి. కేబుల్ మధ్యలో ఎక్కడో పెడితే అక్కడి దాకా ఉన్న వైరు ఎలాగూ ప్రసారం చేస్తూనే ఉంటుంది.

ఇక్కడే చాలామంది విసిగిపోయి వదిలేస్తారు. నేను డీసీ వైపు చోక్ పెట్టాక ఎస్-మీటర్‌లో తేడా ఉందా లేదా అన్నట్టే ఉంది. ప్రోబ్ మాత్రం డీసీ వైర్ల మీద కరెంట్ బాగా పడిపోయిందని చూపించింది. అందుకే దాన్ని తీసేయకుండా ఏసీ వైపు కూడా పెట్టాను, కాస్త తగ్గింది. ఆఖరుకి ఇన్వర్టర్ నుంచి మానిటరింగ్ బాక్స్‌కి వెళ్లే డేటా కేబుల్‌ని చిన్న కోర్ మీద చుట్టగానే సూది ఒక్కసారిగా కిందికి దిగింది. ఆ ఒక్క డేటా కేబులే దోషి కాదు, మిగతా దారులు మూసుకున్నాక మిగిలిన దారి అది. చోక్ పెట్టగానే ఎస్-మీటర్ చూసి తీర్పు చెప్పకండి, ఆ వైరు మీద కరెంట్ తగ్గిందా లేదా అన్నదే చూడండి.

ఒక లాభం అనుకోకుండా వచ్చింది. అంతకు ముందు నేను 100 వాట్లతో 40 మీటర్లలో సీడబ్ల్యూ (మోర్స్) పంపితే ఇన్వర్టర్ ఆర్క్ ఫాల్ట్ (వైర్లలో నిప్పురవ్వల లోపం) అని చూపించి ఆగిపోయేది. చోక్‌లు పెట్టాక అది కూడా పోయింది. నాయిస్ బయటికి వచ్చే దారే మన ఆర్‌ఎఫ్ (ప్రసార సిగ్నల్) లోపలికి వెళ్లే దారి కూడా.

భద్రత సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. ఒక్కో ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్‌లో 40 వోల్టులు ఇస్తే, పది ప్యానెళ్ల స్ట్రింగ్ అంటే 400 వోల్టుల డీసీ. ఇన్వర్టర్ ఆపినా, వెలుతురున్నంత సేపూ ఆ వోల్టేజీ వైర్ల మీద ఉంటుంది. కరెంట్ వెళ్తుండగా సోలార్ వైర్లని కలిపే ఎంసీ4 కనెక్టర్ ఊడదీస్తే డీసీ ఆర్క్ తగలబెట్టేస్తుంది. కోర్‌లు మీరు కొనండి, చుట్టే తీరు మీరు చూపించండి, కనెక్షన్లు విప్పి బిగించే పని లైసెన్స్ ఉన్నవాళ్ల చేత చేయించండి. వారంటీ పోతుందన్న టెన్షన్ కూడా ఉండదు.

మీ ప్యానెళ్ల కింద ఆప్టిమైజర్లుంటే లెక్క మారిపోతుంది. అప్పుడు స్విచింగ్ జరిగేది పైకప్పు మీదే, మీ యాంటెనా పక్కనే. కింద ఇన్వర్టర్ దగ్గర ఎన్ని కోర్‌లు పెట్టినా పైన వైర్లు ప్రసారం చేస్తూనే ఉంటాయి. ఒక్కో ఆప్టిమైజర్ ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండు వైపులా చోక్‌లు పెట్టడం తప్ప గట్టి మందు లేదు, అది చాలా పెద్ద పని. ముందు తయారీ సంస్థకి రాయండి. వాటర్‌ఫాల్ బొమ్మలు, ఇన్వర్టర్ ఆన్, ఆఫ్ రీడింగులు జత చేసి రాస్తే కొందరు ఫెరైట్లు ఇవ్వడమో, యూనిట్లు మార్చడమో చేస్తారు. "నాయిస్ వస్తోంది" అని ఒక్క ముక్క రాస్తే మాత్రం "మాది ప్రమాణాలకి లోబడే ఉంది" అన్న జవాబొస్తుంది. ఆ మాట అబద్ధం కూడా కాకపోవచ్చు. రేడియో నాయిస్‌కి హద్దులు పెట్టే అంతర్జాతీయ ప్రమాణం సిస్పర్ 11 లో గ్రిడ్‌కి కలిపే ఇన్వర్టర్ల డీసీ వైపుకి హద్దులు 2015 నాటి ఆరో ఎడిషన్‌తో వచ్చాయి. పైగా ఆ పరీక్ష టెర్మినల్స్ దగ్గర ల్యాబ్‌లో చేసేది, మీ పైకప్పు మీద పరిచిన వైర్లు అక్కడ ఉండవు. కొత్తగా కొనేవాళ్లయితే ఇళ్ల కోసం ఉద్దేశించిన క్లాస్ బి అని స్పష్టంగా రాసి ఉన్నదే అడగండి, క్లాస్ ఎ వద్దు.

యాంటెనా వైపు కూడా కొంత పని ఉంది. డైపోల్ యాంటెనాకి కేబుల్ కలిసే ఫీడ్ పాయింట్ దగ్గర ఒక మంచి కామన్ మోడ్ చోక్ పెట్టకపోతే కోయాక్స్ పై తొడుగే ఇంట్లోని నాయిస్‌ని మోసుకుని రిసీవర్‌కి చేరుస్తుంది. వీలుంటే యాంటెనాని ప్యానెళ్లకి దూరంగా జరపండి, కొద్ది మీటర్లు జరిగినా కలిసొస్తుంది. వినడానికి విడిగా చిన్న లూప్ పెట్టుకుని దాని నల్‌ని (సిగ్నల్ అతి తక్కువగా వినిపించే దిశని) ఇన్వర్టర్ వైపు తిప్పడం కూడా బాగానే పనిచేస్తుంది. రిగ్‌లో ఉండే నాయిస్ బ్లాంకర్ మీద ఆశ పెట్టుకోవద్దు, అది విడివిడిగా వచ్చే టిక్కులకే గానీ ఈ ఏకధార రొదకి పనికిరాదు.

పోర్టబుల్‌గా వెళ్లేటప్పుడు నేను ఇదేమీ చేయను. ప్యానెల్‌కీ కంట్రోలర్‌కీ మధ్య ఒక స్విచ్ పెట్టుకున్నాను. బలహీనమైన స్టేషన్ వినాల్సి వస్తే ఆ స్విచ్‌తో ప్యానెల్‌ని వేరుచేసి బ్యాటరీ మీదే నడుపుతాను.

నాయిస్ పక్కింటిదని తేలితే చేతిలో పోర్టబుల్ రిసీవర్‌తో వెళ్లి, వాళ్లకే వినిపించండి. కోర్‌ల ఖర్చు మీరే పెట్టుకుంటానంటే సగం పని అయిపోతుంది.

మీకు ఆప్టిమైజర్లు ఉన్నాయా, ఇన్వర్టర్ నుంచి ప్యానెళ్ల దాకా వైర్లు జంటగా వస్తున్నాయా విడివిడిగానా, ప్రోబ్ పెడితే డీసీ, ఏసీ, ఎర్త్, డేటా కేబుళ్ల మీద రీడింగులు ఎంతెంత ఉన్నాయి, ఇవి ఇక్కడే రాయండి. ఏ వైరు మీద మొదట చుట్టాలో, ఎన్ని కోర్‌లు పడతాయో చూసి చెబుతాను.