అది టెంటు కారడం కాదు, మీ ఊపిరే

వాన పడకుండానే కూర్గ్‌లో తెల్లారేసరికి స్లీపింగ్ బ్యాగు కాళ్ల దగ్గర తడిసిందన్నారు కదా, అది టెంటు కారడం కాదు, మీ ఊపిరిలోని తేమే రాత్రి చల్లబడిన గుడ్డకు తగిలి నీళ్లయింది. అందుకే మీరు కొందామని చూస్తున్న రెండు టెంట్లలో 900 గ్రాముల సింగిల్ వాల్ (ఒకే పొర ఉన్నది) వద్దు, 1.4 కిలోల డబుల్ వాల్ (రెండు పొరలది) తీసుకోండి. దాంట్లో తడి ఎక్కువగా బయటి పొరకే పడుతుంది, మధ్యలో వల అడ్డం ఉంటుంది.

కొనేముందు:

1. రాసిన బరువులో చాలాసార్లు మేకులు, తాళ్లు, సంచీ ఉండవు. అన్నీ కలిపి ఎంతో అడగండి.

2. అందరూ వదిలేసేది ఇదే. షాపులో టెంటు వేయించి, మీ మ్యాట్ పరిచి, స్లీపింగ్ బ్యాగులో దూరి పడుకోండి (సేల్స్ అబ్బాయి నవ్వితే నవ్వనీ). లేబుల్ మీద 210 సెం.మీ. అని ఉన్నా గోడలు వాలుగా ఉంటాయి కాబట్టి, మందపాటి మ్యాట్ ఎక్కి పడుకున్నాక తలా కాళ్లూ ఉండే ఎత్తులో అంత చోటు దొరకదు. మీరేమో 5 అడుగుల 11 అంగుళాలు. కాళ్ల వైపు జానెడు ఖాళీ లేకపోతే మళ్లీ అదే తడి. ఆన్‌లైన్‌లో కొంటే వాపసు గడువు ఉండగానే మేడ మీద వేసి చూడండి.

3. మేకులు లేకుండా నిలబడేదే చూసుకోండి. బెంగళూరు చుట్టూ కొండల మీద బండే ఎక్కువ, మేకు దిగదు. నేనొకసారి రాళ్లకు తాళ్లు కట్టి రాత్రంతా జాగారం చేశా.

చలేసినా సరే, పైన గాలికి వదిలిన కన్నం మాత్రం మూయకండి.