ఇంకు తప్పా, కాగితం తప్పా?

ప్రశ్న: మాస్టారూ, నోట్స్ అంతా ఇంకు పెన్నుతోనే రాస్తాను. మామూలు నోటుబుక్కులో ఇంకు పాకుతోందని, ఏరికోరి 100 జీఎస్ఎం మందం పుస్తకం కొన్నాను. అందులోనూ అక్షరాల అంచులకి వేర్లు మొలిచినట్టు పాకుతోంది. వెనక పేజీలోకి చుక్కలు చుక్కలుగా దిగుతోంది కూడా. మా స్నేహితురాలి దగ్గర ఉల్లిపొరలాంటి పల్చటి కాగితాల పుస్తకం ఉంది. నా పెన్నుతోనే అందులో రాస్తే అచ్చు వేసినట్టు వచ్చింది. నేను పెన్ను మార్చాలా, ఇంకు మార్చాలా?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: పెన్ను జోలికి వెళ్లకమ్మా. తప్పు దానిది కాదని నువ్వే రుజువు చేశావు, స్నేహితురాలి పుస్తకంలో రాసి చూసి.

నేను ముప్పై ఏళ్లు జవాబు పత్రాలు దిద్దాను. చిన్న పరీక్షలకి కాగితాలు పిల్లలే తెచ్చుకునేవాళ్లు కాబట్టి ఒక్క కట్టలో పది పదిహేను రకాల కాగితాలు ఉండేవి. నా చేతిలో ఒకటే పెన్ను, ఒకటే ఎర్ర ఇంకు. ఒకడి కాగితం మీద టిక్కు కత్తితో గీసినట్టు పడేది. తర్వాతి వాడి కాగితం మీద అదే టిక్కుకి సాలీడు కాళ్లు వచ్చేవి. ఆ రెండు టిక్కుల మధ్య పెన్ను మారలేదు, ఇంకు మారలేదు, చెయ్యీ మారలేదు. అప్పటినుంచి ఎవరైనా ఇంకు పాకుతోందని చెబితే, ముందు కాగితం చూపించమంటాను.

జీఎస్ఎం అన్నది బరువు లెక్క. చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెబుతుంది, అంతే. 80 జీఎస్ఎం కాగితం ఏ4 సైజులో ఒకటి తూస్తే 5 గ్రాములు ఉంటుంది. ఆ అంకెని చూసి అది ఇంకుని ఆపుతుందో లేదో చెప్పలేం. అద్దుడు కాగితం సంగతే చూడు, అదెంత మందంగా ఉంటుంది! ఇంకుని అంత ఆత్రంగా తాగే కాగితం ఇంకోటి లేదు.

కాగితం అంటే పీచు. పోగుకీ పోగుకీ మధ్య సన్నటి సందులుంటాయి. వత్తి నూనెని లాక్కున్నట్టు ఆ సందులు ఇంకుని లాక్కుంటాయి. దాన్ని ఆపడానికి కాగితం తయారు చేసేటప్పుడే గుజ్జులో నీటిని పట్టనివ్వని పదార్థం కలుపుతారు. పైన పిండిగంజి లాంటిది పూస్తారు. దీన్ని సైజింగ్ అంటారు. అద్దుడు కాగితానికి ఈ సైజింగ్ ఉండదు. మంచి రాత కాగితానికి బాగా ఉంటుంది. నీ స్నేహితురాలిది బహుశా జపాను కాగితం అయ్యుంటుంది. తొమోయె రివర్ అనే కాగితంలో ఒక రకం 52 జీఎస్ఎం మాత్రమే. అవతలి పక్క రాత నీడలా కనిపిస్తుంది గానీ ఇంకు అటువైపు దిగదు. నీడ కనపడటం వేరు, ఇంకు దిగడం వేరు. మొదటిది పల్చదనం వల్ల, రెండోది సైజింగ్ చాలకపోవడం వల్ల. ఈ రెండూ కలిపేసుకునే చాలామంది మందం కోసం డబ్బు పెడతారు.

ఇకముందు కొనేటప్పుడు అదే రకం కాగితం ఒక్కటి ముందు సంపాదించు. అగ్గిపుల్ల కొనతో ఒక నీటి చుక్క దాని మీద పెట్టి, మనసులో ఇరవై అంకెలు లెక్కపెట్టు. చుక్క గుండ్రంగా, పైకి ఉబికి అలాగే ఉంటే ఇంకుకి పనికొచ్చే కాగితమే. ఐదో అంకెకే చదునైపోయి, కాగితం తడి రంగుకి మారి, వెనక వేలు పెడితే చెమ్మ తగిలితే ఆ పుస్తకం బాల్‌పెన్నుకి వదిలెయ్. ఆ తర్వాత నీ పెన్నుతోనే ఒక అడ్డగీత, ఒక నిలువుగీత ఒకదాని మీద ఒకటి గియ్యి. పాకే కాగితం గీతలు కలిసే చోట ముందు దొరికిపోతుంది, అక్కడ ఇంకు రెట్టింపు పడుతుంది కాబట్టి.

కొన్న పుస్తకం పారెయ్యక్కర్లేదు. దానికోసం ఒక సన్న పాళీ పెన్ను పెట్టుకో. జపాను కంపెనీల ఫైన్ నిబ్బులు మామూలుగా యూరప్ కంపెనీల ఫైన్ కన్నా సన్నగా రాస్తాయి. ఇంకు తక్కువ పడితే పాకేదీ తక్కువే. ఇంకు మార్చాలనుకుంటే, కింద డైరీ గురించిన జవాబులో మాచికాయ ఇంకు గురించి రాశాను, అది చూడు. పీల్చే కాగితం మీద కూడా గీత గీతలా ఉంచే గుణం దానికుంది.

ప్రశ్న: ఇరవై ఏళ్లుగా డైరీ రాస్తున్నాను, అంతా నీలం ఇంకే. మొదటి డైరీల్లో కొన్ని పేజీలు వెలిసిపోతున్నాయి. నా తర్వాత మా మనవలు చదవాలని నా కోరిక. ఏ ఇంకు వాడాలి?
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, ఈ ప్రశ్నకి నా దగ్గర అనుభవంతో కొనుక్కున్న జవాబు ఉంది.

మా నాన్నగారు మంచం పట్టిన ఏడాది నేను రోజూ డైరీ రాశాను. కొన్నేళ్ల తర్వాత ఒక రాత్రి పైకప్పు నుంచి కారిన నీళ్లు అలమరలోకి దిగి ఆ డైరీ తడిసిపోయింది. తీసి చూస్తే నీలం ఇంకు పేజీలు లేత నీలం మబ్బుల్లా ఉన్నాయి, ఒక్క మాటా ఆనలేదు. ఆ ఏడాది మధ్యలో నీలం అయిపోతే ఓ నెల పాటు ఇంట్లో ఉన్న బ్లూబ్లాక్ బుడ్డి వాడాను. ఆ పేజీల్లోనూ నీలం కడుక్కుపోయింది, కానీ దాని అడుగున బూడిద నలుపులో ప్రతి అక్షరం నిలబడి ఉంది, కొమ్ములతో, సున్నాలతో సహా. నాన్నగారు ఆఖరి వారంలో నాతో అన్న మాటలు నీలం పేజీల్లో ఉన్నాయి. లైటు ముందు పెట్టి, పక్కకి వంచి ఎంత చూసినా నాకు తిరిగి దొరకలేదు.

మామూలు నీలం ఇంకు అంటే నీటిలో కరిగిన రంగు. ఎలా కరిగిందో అలాగే మళ్లీ నీళ్లలోకి పోతుంది. ఎండ తగిలితే వెలుస్తుంది. ఆ రోజు నన్ను కాపాడింది పాతకాలపు పద్ధతి ఇంకు. మాచికాయలో ఉండే వగరు పదార్థాన్నీ అన్నభేదినీ, అంటే ఇనుప లవణాన్నీ కలిపి చేసేది. పెన్నులో ఉన్నంతసేపూ అది నీటిలో కరిగే ఉంటుంది. కాగితం మీద గాలి తగిలాక ఇనుము మార్పు చెంది, నీటిలో కరగని నల్లటి పదార్థంగా పోగుల మధ్యే గడ్డకడుతుంది. రాసిన గంటకి చూడండి, మర్నాడు చూడండి, నలుపు పెరగడం కంటికి తెలుస్తుంది. రాసేటప్పుడు కనపడటానికే అందులో నీలం రంగు కలుపుతారు. నా డైరీలో కొట్టుకుపోయింది ఆ నీలమే. నాలుగో శతాబ్దపు గ్రీకు బైబిలు ప్రతి కోడెక్స్ సైనాయిటికస్ ఈ రకం సిరాతోనే చర్మపత్రాల మీద రాశారు, ఇప్పటికీ చదువుకోవచ్చు. ఇంగ్లండులో జనన మరణ వివాహ రిజిస్టర్లకి వాడుతూ వచ్చింది కూడా ఈ జాతి ఇంకే.

బుడ్డి మీద బ్లూబ్లాక్ అని ఉన్నంత మాత్రాన అందులో ఇనుము ఉన్నట్టు కాదు. ఇప్పుడొచ్చే వాటిలో చాలావరకు ఉత్త రంగునీళ్లే. పెలికాన్ 4001 బ్లూబ్లాక్, ప్లాటినం బ్లూబ్లాక్, డయామిన్ రిజిస్ట్రార్స్ ఇంకు, ఇవి ఇనుము ఉన్నవి. ఇవి పుల్లటి ఇంకులు, అంటే ఆమ్లగుణం ఉన్నవి. కాబట్టి పెన్నులో ఎండనివ్వకూడదు. నెలకోసారైనా చన్నీళ్లతో కడగాలి. నాసిరకం ఉక్కు నిబ్బుని తినేస్తాయి కూడా, మంచి స్టీలుకీ బంగారు పాళీకీ భయం లేదు. రెండో దారి కార్బన్ పొడితో చేసే నల్ల ఇంకులు, సైలర్ కివాగురో, ప్లాటినం కార్బన్ బ్లాక్ లాంటివి. ఇవి నీటికీ ఎండకీ చలించవు. నాకైతే డైరీకి మాచికాయ ఇంకే ఇష్టం. అక్షరం మీద పొరలా కూర్చోకుండా కాగితంలో ఒక భాగమైపోతుంది.

ఇప్పుడు నేను ఏ కొత్త ఇంకు తెచ్చినా ఒక చీటీ మీద పది వరుసలు రాసి, సగం మీద అట్ట కప్పి, ఎండ పడే కిటికీ అద్దానికి మూడు నెలలు అంటిస్తాను. అట్ట తీసిన రోజు రెండు సగాల మధ్య తేడా చూస్తే ఆ ఇంకుని దేనికి నమ్మొచ్చో తెలిసిపోతుంది. మీరూ చేసి చూడండి. పాత డైరీలు మాత్రం ఆలస్యం చెయ్యకుండా ఫొటోలు తీయించండి, వాటిని వెలుతురు తగలని చోట పెట్టండి.

ప్రశ్న: పేజీ పైభాగంలో చక్కగా రాసే పెన్ను కిందికి వచ్చేసరికి అక్షరాలు మింగేస్తోంది. నిబ్బు కడిగాను, ఇంకు నిండుగానే ఉంది. ఒకే కాగితంలో ఒక పక్క బాగుండి, రెండో పక్క పాకడం కూడా గమనించాను.
– ఒక బ్యాంకు ఉద్యోగి

జవాబు: పై సగం రాసేటప్పుడు మీ అరచెయ్యి ఎక్కడ ఆనిందో గుర్తు తెచ్చుకోండి. సరిగ్గా ఆ కింది సగం మీదే. చేతి జిడ్డు కాగితానికి పట్టి, ఆ చోట నీళ్ల ఇంకు అంటదు. చేతి కింద ఒక చీటీ పెట్టుకుని రాయండి, వరుస దిగినకొద్దీ దాన్నీ జరపండి. నిబ్బు మంచిదైతే ఇంతటితో సరిపోతుంది.

రెండోది మీరు గమనించడం నాకు చాలా సంతోషం. కాగితం యంత్రం మీద తడి గుజ్జు ఒక జల్లెడ మీద పరుచుకుంటుంది. జల్లెడ వైపు నుంచి నీళ్లతోపాటు సన్నటి పీచూ పొడీ కొంత జారిపోతాయి. అందుకే రెండు పక్కలా నునుపు ఒకలా ఉండదు, ఇంకు పట్టే తీరూ ఒకలా ఉండదు. ముఖ్యమైన ఉత్తరానికి విడి కాగితం తీసుకుంటే ముందు రెండు పక్కలా మూలన చిన్న గీత గీసి, ఏది బాగుంటే ఆ పక్క రాయండి. వానాకాలంలో గాలిలో చెమ్మ తాగిన కాగితం మామూలుగా బాగుండేది కూడా పాకుతుంది. కాగితాల కట్ట ప్లాస్టిక్ సంచిలో మూసి పెట్టుకోండి.

ప్రశ్న: నాది ఎడమచేతి వాటం. రాసింది రాసినట్టే చేతికి పూసుకుంటోంది. మంచి కాగితం మీద అయితే మరీ ఘోరం. మెరిసే ఇంకు ఒకటి కొన్నాను, వారం తర్వాత కూడా వేలికి అంటుతోంది. పరీక్షలంటే టెన్షన్‌గా ఉంది.
– ఒక ఇంటర్ విద్యార్థి

జవాబు: మంచి కాగితం ఇంకుని లోపలికి పోనివ్వదు కదా బాబూ, అది పైనే నిలబడి ఆరాలి. నేను ఇంకులు పరీక్షించి చూసే పుస్తకంలో ఒకే ఇంకు మామూలు నోటు కాగితం మీద ఐదారు సెకన్లకి ఆరింది, తొమోయె రివర్ మీద నలభై దాటింది. అంటే నీకు అందరూ మెచ్చుకునే కాగితం అక్కర్లేదు, కొంచెం పీల్చే కాగితమే మేలు. దానికి సన్న పాళీ, త్వరగా ఆరే ఇంకు జత చెయ్యి. క్వింక్ అనే ఇంకు పేరే క్విక్, ఇంక్ అనే రెండు మాటలు కలిపి పెట్టింది. 1931లో పార్కర్ కంపెనీ దాన్ని తెచ్చిందే త్వరగా ఆరడం కోసం.

నీలం మీద ఎర్రటి తళుకు వచ్చే ఆ ఇంకు పరీక్షకి తీసుకెళ్లకు. అందులో రంగు ఎంత చిక్కగా ఉంటుందంటే, నీళ్లు ఆరాక మిగిలిన రంగు కాగితం పైన పెచ్చులా పేరుకుంటుంది. ఆ పెచ్చే తళుకు. చేతి చెమ్మ తగిలితే అది మళ్లీ కరుగుతుంది, వారమైనా నెలైనా అంతే. అందమైన ఇంకే, పుట్టినరోజు కార్డులకి ఉంచుకో. పరీక్ష కాగితం ఎలాంటిది ఇస్తారో ముందు తెలియదు కాబట్టి సన్న పాళీతో వెళ్లడమే క్షేమం. వీలైతే అరచేయి వరుస కింద ఉండేలా కాగితాన్ని కుడివైపు వాల్చి రాయడం ఇప్పటినుంచే అలవాటు చేసుకో.

ప్రశ్న: డ్రాయింగ్‌కి వాడే ఇండియన్ ఇంకు ఫౌంటెన్ పెన్నులో పోయొచ్చా? నల్లగా, నిగనిగలాడుతూ ఉంటుంది.
– ఒక చిత్రకారుడు

జవాబు: వద్దండీ. అందులో లక్క ఉంటుంది, ఆరితే వార్నిష్‌లా బిగుసుకుంటుంది. నిబ్బు కింద నల్లగా ఉండే ఫీడ్‌ని ఒకసారి భూతద్దంలో చూడండి. వెంట్రుక మందం గాళ్లు ఉంటాయి. ఇంకు బయటికి వస్తుంటే అంత గాలి లోపలికి వెళ్లేది ఆ దారినే. 1884లో లూయిస్ వాటర్‌మన్ పేటెంటు తీసుకున్నది ఈ ఏర్పాటు మీదే. ఆ గాళ్లలో లక్క గడ్డకడితే నీళ్లకి రాదు. ముంచి రాసే పాళీకి అది వాడుకోండి, పెన్నుకి పైన చెప్పిన కార్బన్ ఇంకు పోసుకోండి.

ప్రశ్న: రెండు బుడ్లలో కొంచెం కొంచెం ఇంకు మిగిలింది. కలిపి వాడొచ్చా? ఒకదాని మీద తెల్లటి పొరలాంటిది తేలుతోంది.
– ఒక పాఠకుడు

జవాబు: పొర తేలుతున్నది బూజు. ఆ బుడ్డి బుడ్డిగానే పారేయండి, వడగట్టి వాడాలని చూడకండి. ఆ ఇంకు పోసిన పెన్ను ఉంటే విడి భాగాలు తీసి, చన్నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి కడగండి. వేడినీళ్లు వద్దు. పెన్నులో మిగిలిన ఇంకుని తిరిగి బుడ్డిలో పోసే అలవాటు ఉంటే మానేయండి, బూజు ఎక్కువగా అలాగే చేరుతుంది.

మిగిలిన ఇంకుల్ని కలపాలంటే ఒకే కంపెనీ మామూలు ఇంకులైతే ఫర్వాలేదు గానీ, ఇనుము ఉన్నదాన్నీ కార్బన్ ఉన్నదాన్నీ వేటితోనూ కలపొద్దు. ముందు గాజు సీసాలో పది చుక్కలు కలిపి, మూతపెట్టి రెండు రోజులు కదపకుండా ఉంచండి. తర్వాత మెల్లగా వంచి అడుగు చూడండి. మడ్డి కనిపిస్తే అది పెన్నులో పోయాల్సింది కాదు.