రేకు వంచే ముందు కారు కింద పడుకుని చూడండి

(పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: అన్నా, నేను టెక్సస్‌లో ఆస్టిన్ దగ్గర ఉంటాను. 2001 మోడల్ మాజ్డా మియాటా కొన్నాను, వీలైనప్పుడల్లా ట్రాక్ డేలకి (రేసు ట్రాక్ మీద సొంత కారు నడుపుకునే రోజులు) వెళ్తుంటాను. వెనక బంపర్ కింద అల్యూమినియం రేకుతో డిఫ్యూజర్ (కింద పారే గాలితో కారుని నేలకి అదిమే వాలు రేకు) ఇంట్లోనే చేసుకోవాలని ఉంది. గరాజ్‌లో జిగ్‌సా, డ్రిల్లు, రివెట్ గన్ ఉన్నాయి. ఏ రేకు కొనాలి, ఎంత మందం, ఎంత వాలు పెట్టాలి, నిలువు రెక్కలు ఎన్ని?
– ఒక పాఠకుడు, ఆస్టిన్

జవాబు: మీరు నాలుగు ప్రశ్నలు అడిగారు కానీ అసలైనది అడగలేదు. మీ కారు కింద ఇప్పుడు ఏముంది? జాకీ ఎత్తి, స్టాండ్లు పెట్టి, టార్చి పట్టుకుని ఒక అరగంట కింద పడుకుని చూడండి. సస్పెన్షన్ చేతులు, డిఫరెన్షియల్, గొట్టాలు, వెనక అడ్డంగా పడుకున్న పెద్ద సైలెన్సర్... వీటన్నిటికీ తగిలి చెదిరిపోయిన గాలి చివరికొచ్చేసరికి మీ డిఫ్యూజర్‌ని అంటిపెట్టుకుని పారదు. డిఫ్యూజర్ అంటే కారు అడుగుభాగంలో చివరి అర మీటరు, అంతే. దాని ముందున్న అడుగు నున్నగా ఉంటేనే అది పని చేస్తుంది. అందుకే మీ మొదటి రేకు డిఫ్యూజర్‌కి కాదు, దాని ముందుండే చదును భాగానికి వాడండి. వెనక ఇరుసు ముందు నుంచి ఎంత దూరం మూయగలిగితే అంత మంచిది. డిఫరెన్షియల్ కింద మాత్రం గాలి ఆడేలా కోత వదలండి, ట్రాక్ మీద అది బాగా వేడెక్కుతుంది.

ఇక రేకు. 5052-H32 రకం 2 మి.మీ. మందంలో తీసుకోండి. చాలామంది బలమైనది కదా అని 6061-T6 కొంటారు, తీరా మడత దగ్గర పగులు వచ్చాక బాధపడతారు. 5052 చక్కగా వంగుతుంది. బరువు గురించి టెన్షన్ వద్దు. 1.2 మీటర్ల వెడల్పు, 60 సెం.మీ. పొడవు ముక్క నాలుగు కిలోల లోపే తూగుతుంది.

వాలు 7 నుంచి 10 డిగ్రీల మధ్య ఉంచండి. కోణమానిని అక్కర్లేదు, స్కేలు చాలు: 60 సెం.మీ. పొడవుకి వెనక కొస సుమారు 95 మి.మీ. పైకి లేస్తే 9 డిగ్రీలు. 15 డిగ్రీలు పెడితే చూడ్డానికి రేసు కారులా ఉంటుంది, కానీ మామూలు ఎత్తులో ఉన్న రోడ్డు కారు కింద అంత వాలుకి గాలి రేకుని వదిలేస్తుంది, సుడులు తిరుగుతుంది, కారుని వెనక్కి లాగే బరువు తప్ప లాభం ఉండదు. రేసు కార్లు అంతకంటే ఎక్కువ పెట్టగలవంటే వాటి అడుగు అంతా నున్నగా ఉండి నేలకి బాగా దగ్గరగా ఉంటుంది కాబట్టి.

ముందు అట్ట మీద చేయండి. ఫ్రిజ్ వచ్చిన పెట్టె కోసి, కారు కింద పట్టి చూసి, గీసి, మళ్ళీ కోసి, మూడు నాలుగు సార్లు తిప్పలు పడ్డాకే రేకు జోలికి వెళ్ళండి. ఈ ఒక్క పనికి ఒక శనివారం మొత్తం పోయినా నష్టం లేదు. జిగ్‌సాతో కోసేటప్పుడు బ్లేడుకి కాస్త మైనం రాయండి, లేకపోతే అల్యూమినియం పళ్ళలో ఇరుక్కుంటుంది. అంచులన్నీ ఆకురాయితో రాయండి, వేలితో తడిమితే గుచ్చుకోకూడదు. మడత పెట్టడానికి మెషిన్ లేకపోతే రెండు ఇనుప యాంగిల్స్ మధ్య రేకుని క్లాంపులతో బిగించి చెక్క సుత్తితో నెమ్మదిగా కొట్టుకుంటూ వెళ్ళండి. ఒకే చోట గట్టిగా కొట్టొద్దు. రెక్కలు నాలుగు చాలు, వాటి పని పక్కల నుంచి, చక్రాల వైపు నుంచి వచ్చే గాలి లోపలికి దూరకుండా చూడటం.

ఇప్పుడు నాకు నిజంగా భయం ఉన్న విషయం: బిగింపు. నా మొదటి డిఫ్యూజర్‌ని నేను బంపర్ ప్లాస్టిక్‌కే బోల్టులేసి వేలాడదీశాను. రెండో ల్యాపులో ప్లాస్టిక్ చిరిగి బోల్టులు ఊడొచ్చాయి, రేకు ఒక మూల నేలని రాసుకుంటూ వచ్చింది, వెనకొస్తున్న కుర్రాడు పక్కకి తప్పుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రం లెక్క వేశాను, చేయాల్సింది ముందే. గంటకి 160 కి.మీ. దగ్గర ఎదురుగాలి ఒత్తిడి చదరపు మీటరుకి దాదాపు 1200 న్యూటన్లు. అందులో సగం మీ రేకుని కిందికి లాగినా, 1.2 × 0.6 మీటర్ల ముక్కకి 43 కిలోల బరువు. అంటే రెండు 25 కిలోల బియ్యం బస్తాలకి కాస్త తక్కువ, అదీ కదలకుండా కాదు, గుంతల మీద ఊగుతూ. వేగం రెట్టింపైతే ఈ బరువు నాలుగింతలవుతుంది. మీ ఊళ్ళో ఉన్న సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ రేసు ట్రాక్‌లో వెనక స్ట్రెయిట్ (వేగం బాగా పెరిగే తిన్నని దారి) ఎంత పొడవో మీకు తెలుసు. కాబట్టి చాసిస్ పట్టాలకి, బంపర్ లోపల లోహపు కడ్డీ ఉంటే దానికి మాత్రమే బిగించండి. కనీసం ఆరు చోట్ల, వెడల్పు వాషర్లతో, లోపల నైలాన్ రింగు ఉండి ఊడని ఇనుప లాక్ నట్లతో. తర్వాత రేకు మీద మోకాలు ఆనించి మీ బరువు వేసి చూడండి. కదిలితే ట్రాక్‌కి తీసుకెళ్ళకండి.

సైలెన్సర్‌కీ రేకుకీ మధ్య కనీసం మూడు వేళ్ళ సందు ఉండాలి. సైలెన్సర్ రబ్బర్ల మీద వేలాడుతుంది, అది ఊగుతుంది, పైగా వేడికి అల్యూమినియం బలం కోల్పోతుంది. అడుగు రేకులో చిన్న రంధ్రాలు కూడా వేయండి, ఆయిల్ కారితే అక్కడ మడుగు కట్టకూడదు. టో హుక్, జాకీ పెట్టే చోట్లు మూసేయకండి.

ఇంకొకటి. మీరు ఎస్‌సీసీఏ (అమెరికాలో కారు పోటీలు నడిపే క్లబ్బు) ఆటోక్రాస్‌లో, అంటే కోన్ల మధ్య తక్కువ వేగంతో జరిగే పోటీలో, పెద్దగా మార్పులు చేయని కార్లకిచ్చే స్ట్రీట్ క్లాసులో దిగుతుంటే ఈ మార్పు చెల్లదు, క్లాసు మారాల్సి వస్తుంది. ఆటోక్రాస్ వేగాలకి దీనితో వచ్చే లాభం కూడా చాలా తక్కువ, అందుకోసమే అయితే ఆ డబ్బు టైర్లకి పెట్టండి.

ప్రశ్న: సార్, మాది హైదరాబాద్. నా హ్యాచ్‌బ్యాక్‌కి నల్ల ప్లాస్టిక్ డిఫ్యూజర్ అంటిద్దామని షాపులో అడిగాను. మైలేజీ, గ్రిప్పు పెరుగుతాయంటున్నారు. నిజమా?
– ఒక పాఠకురాలు, కొండాపూర్

జవాబు: కాదమ్మా. బంపర్‌కి అంటించే ఆ నాలుగు రెక్కల కింద నుంచి గాలిని నడిపించే అడుగే లేదు. అందం కోసం పెట్టించుకుంటే మీ ఇష్టం, మైలేజీ కోసం మాత్రం వద్దు. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు తగులుతుందేమో కొలిపించండి. మొనదేలిన అంచులుంటే అసలు వద్దు, మన ట్రాఫిక్‌లో బండి మీద వెళ్ళే వాళ్ళ కాళ్ళు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటాయి. ఆర్‌సీలో ఉన్న కంపెనీ వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, అందుకని ఏ మార్పైనా ముందే ఆర్టీఏలో, ఇన్సూరెన్సు వాళ్ళ దగ్గర అడగండి.

ప్రశ్న: అన్నయ్యా, మా కాలేజీ టీం ఫార్ములా భారత్ (విద్యార్థులు తయారుచేసిన రేసు కార్ల పోటీ) కోసం కారు చేస్తోంది. అడుగు రేకు, డిఫ్యూజర్ పని నాకిచ్చారు. వెనక పైకి లేచిన రేకు కారుని కిందికి ఎలా లాగుతుందో నాకు బోధపడలేదు. విండ్ టన్నెల్ లేకుండా పరీక్షించే దారి ఉందా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: తమ్ముడూ, లాగేది ఆ వాలు రేకు ఒక్కటే కాదు. నేలకీ కారుకీ మధ్య సందు ఇరుకు, కాబట్టి అక్కడ గాలి వేగంగా పోతుంది, వేగం పెరిగిన చోట ఒత్తిడి తగ్గుతుంది. వెనక దారి నెమ్మదిగా వెడల్పయితే ఆ గాలి వేగం తగ్గించుకుంటూ, ఒత్తిడి తిరిగి పుంజుకుంటూ బయటి గాలిలో సాఫీగా కలుస్తుంది. బయటికి అంత సుళువుగా దారి దొరికింది కాబట్టి ముందు నుంచి ఇంకా ఎక్కువ గాలి లోపలికి వస్తుంది, ఇరుకు చోట ఒత్తిడి ఇంకా పడిపోతుంది. అందుకే అన్నింటికంటే ఎక్కువ లాగుడు డిఫ్యూజర్ మొదలయ్యే మడత దగ్గర ఉంటుంది, చివర కాదు. ఆ మడత పదునుగా కాకుండా గుండ్రంగా వంచు.

దీన్ని రేసింగ్‌లో గట్టిగా వాడింది బ్రిటన్ ఫార్ములా వన్ టీం లోటస్ వాళ్ళు. 1970ల్లో లండన్ ఇంపీరియల్ కాలేజీ విండ్ టన్నెల్‌లో వాళ్ళ మోడల్ కారు పక్క భాగాలు వేగం పెరిగేకొద్దీ కిందికి కుంగుతున్నాయని గమనించారు. పక్కల సందుల్ని అట్టముక్కలతో మూసి చూస్తే కిందికి లాగే బలం ఎంతో పెరిగింది. అక్కడి నుంచి 1977లో లోటస్ 78, మరుసటి ఏడాది మారియో ఆండ్రెట్టి ఛాంపియన్ అయిన లోటస్ 79 వచ్చాయి. మీ కారుకీ అదే సూత్రం: పక్కలు వదిలేస్తే వెనక ఎంత అందంగా వంచినా దండగ.

పరీక్షకి రెండు దారులు. మొదటిది ఊలు పోగులు. వేలెడు పొడవు ముక్కలు రేకు అడుగున వరసగా టేపుతో అంటించి, చిన్న కెమెరా బిగించి నడపండి. పోగులు తిన్నగా వెనక్కి పారితే గాలి అంటుకుని ఉంది, గిలగిల కొట్టుకున్నా, ముందుకి తిరిగినా అక్కడ వదిలేసింది, అప్పుడు వాలు ఒక డిగ్రీ తగ్గించండి. రెండోది నీళ్ళ గొట్టం. సన్నని పారదర్శక గొట్టాన్ని U ఆకారంలో వంచి రంగు నీళ్ళు పోయండి, ఒక కొస రేకులో వేసిన చిన్న రంధ్రానికి, ఇంకో కొస గాలి నేరుగా తగలని చోట. గంటకి 60 కి.మీ. దగ్గర ఎదురుగాలి ఒత్తిడి 17 మి.మీ. నీళ్ళకి సమానం, 100 దగ్గర 47 మి.మీ. కాబట్టి మీకు కనిపించే తేడాలు చిన్నవే, గొట్టాన్ని ఏటవాలుగా పడుకోబెడితే చదవడం తేలిక. రెండో కొస ఉన్న చోట కూడా ఒత్తిడి కాస్త మారుతుంది, అందుకని విడి అంకెని నమ్మకుండా మార్పుకి ముందు, తర్వాత తేడా చూడండి. ఇదంతా కాలేజీ మైదానంలోనో ట్రాక్ మీదో, పబ్లిక్ రోడ్డు మీద వద్దు.

ప్రశ్న: న్యూజెర్సీలో మంచు కాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అల్యూమినియం డిఫ్యూజర్‌కి స్టెయిన్‌లెస్ బోల్టులు వాడొచ్చా?
– ఒక పాఠకుడు, ఎడిసన్

జవాబు: వాడొచ్చు, కానీ రెండు లోహాలూ నేరుగా తగలకూడదు. ఉప్పునీళ్ళలో స్టెయిన్‌లెస్ పక్కనున్న అల్యూమినియమే తుప్పు పట్టి తరిగిపోతుంది, బోల్టు మెరుస్తూనే ఉంటుంది, దాని చుట్టూ తెల్లపొడి రాలి రంధ్రం పెద్దదవుతుంది. బోల్టు తల కింద నైలాన్ వాషరు, మర మీద యాంటీ సీజ్ పేస్టు (మర బిగుసుకుపోకుండా రాసే గ్రీజు లాంటిది) పెట్టండి. ఇంకా మేలైన మాట, నవంబరులో విప్పి గోడకి ఆనించి పెట్టి, వసంతంలో మళ్ళీ బిగించండి. బిగించే ముందు ప్రతి రంధ్రం అంచునీ టార్చి వేసి చూడండి, వెంట్రుకంత పగులు కనిపించినా ఆ ముక్క మళ్ళీ చేసుకోవాల్సిందే.