దగ్గరి స్నేహితుడి మీద కలిగే అసూయను ఎలా జయించాలి?

మీ స్నేహితుణ్ణి అందరూ మెచ్చుకుంటుంటే మనస్ఫూర్తిగా సంతోషించలేకపోతున్నానని, ఎంత ప్రార్థించినా ఆ మంట చల్లారడం లేదని రాశారు. ఆ మంటను ఏళ్ల తరబడి మోసినవాణ్ణి కాబట్టి జవాబు రాస్తున్నాను.

నాకు చిన్నప్పటి నుంచి నత్తి. మా క్రైస్తవ సంఘంలో నాతోపాటే పెరిగిన మిత్రుడు బైబిలు వాక్యం చెప్పడానికి నిలబడితే పసిపిల్లలు సైతం కదలకుండా వినేవారు. రాత్రంతా కూర్చుని నేను వెతికి పట్టుకున్న అర్థాన్ని అతడు మర్నాడు నాలుగు మాటల్లో అందరి గుండెలకూ చేర్చేవాడు. ఒకసారి యువజన కూటంలో అతడు మధ్యలో ఆగిపోయాడు. చెప్పవలసిన మాట గుర్తుకు రాక, కాగితాలు తిరగేస్తూ, చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు. మొదటి వరుసలో కూర్చున్న నాకు ఆ మాట తెలుసు. అయినా అందించలేదు. అందుకు కారణం నత్తి కాదు. అతడి అవస్థ ఇంకొంచెంసేపు సాగాలని నా మనసు కోరుకుంది. ఇంటికి వెళ్లాక నన్ను చూసి నాకే భయం వేసింది. నత్తి పోవాలని ఎన్నో ఏళ్లు ప్రార్థించిన నేను, నా అసూయను గురించి దేవునితో మాట్లాడింది ఆ రాత్రే.

ఆ తరువాత బైబిల్లోని నిర్గమకాండం 4వ అధ్యాయాన్ని కొత్త కళ్లతో చదివాను. తన ప్రజల తరఫున మాట్లాడమని దేవుడు పంపుతుంటే తన నోరు, నాలుక మందమైనవని మోషే ప్రవక్త మొరపెట్టుకుంటే, మనిషికి నోరిచ్చింది ఎవరని దేవుడు ఎదురు ప్రశ్న వేశాడే తప్ప ఆ నాలుకను బాగుచేసినట్టు అక్కడ లేదు. బాగా మాట్లాడగల అన్న అహరోనును తోడు పంపాడు. నన్ను నిలదీసింది మాత్రం సంఖ్యాకాండం 12వ అధ్యాయం. మోషే ద్వారా మాత్రమేనా దేవుడు మాట్లాడింది, మా ద్వారా మాట్లాడలేదా అని అక్కడ గొణిగినవారిలో ఆ అహరోనే ఉన్నాడు. నేను కోరుకున్న వాక్చాతుర్యం పుష్కలంగా ఉన్న మనిషే, మాట తడబడే తమ్ముణ్ణి చూసి ఓర్వలేకపోయాడు! నత్తి పోయినా నా అసూయ పోదని నాకు అప్పుడే అర్థమైంది.

తలచుకుంటే ఏదైనా సాధించగలవని భుజం తట్టేవారి మీద నాకు ఇప్పటికీ కోపమే. వారి మాట నమ్మి ఎన్నో ఏళ్లు అద్దం ముందు నిలబడి అతడిలా మాట్లాడాలని సాధన చేశాను గానీ, ఓపికగా చదవడం, తప్పు ఎక్కడుందో పట్టుకోవడం నాకు దేవుడిచ్చిన వరాలని ఒక్కరూ చెప్పలేదు. అవి వేదిక మీద కనిపించే వరాలు కావు. మీ చేతిలోనూ అలాంటిది ఒకటి తప్పకుండా ఉంటుంది. ముందు దానిని పనిలో పెట్టండి.

చాలా నెలల తరువాత నా మిత్రుడి దగ్గరికి వెళ్లి ఆనాటి సంగతి ఒప్పుకున్నాను. అతడు చాలాసేపు మౌనంగా ఉండి, ఆ రోజు మరచిపోయిన మాట ఏమిటని మాత్రం అడిగాడు. నత్తితోనే చెప్పాను, అతడు చివరిదాకా ఆగి విన్నాడు. ఇప్పుడు ప్రతి శనివారం సాయంత్రం తన కాగితాలు నా దగ్గరికి తెస్తాడు, నేను దిద్ది ఇస్తాను.